దాహం గొంతులో పుట్టదు

రోహిణీ కార్తె వచ్చిన రెండో రోజు, శుక్రవారం, పొద్దున్న పదకొండుంపావు. ఆ టైముకి పెయ్యల వ్యాను వచ్చి సముద్రం ఒడ్డున వలలు బాగుచేసుకునే పాక ముందు ఆగింది. టైము నాకెందుకు గుర్తుందంటే, మా డాక్టరు శ్యామల గారు చేతి గడియారం చూసి డ్రైవరుని అడిగారు. "పదకొండుంపావయింది. నిన్న పొద్దున్నే బయల్దేరినవాడివి, ఇప్పుడా రావటం?" అని.

వ్యానులో ఐదు గేదె పెయ్యలున్నాయి. అప్పుడప్పుడే పాలు మానిన వయసు. వాటికోసం తెల్లారినప్పటి నించీ పాకలో కాచుకుని కూచున్న ఆడవాళ్ళు ఐదుగురు. అందరూ వేట మీద బతికే ఇళ్ళవాళ్ళే. చేపలు పడటం తగ్గిపోయాక, పెరట్లో పాడి ఉంటే పిల్లలకి ఆసరా అవుతుందని కలిసి తెప్పించుకున్నారు. వలకి చిరుగు పడితే చీకట్లో కూడా కుట్టగలరు గాని, పశువుకి పలుపు ఎలా కట్టాలో వాళ్ళకి తెలీదు. డాక్టరు గారూ నేనూ టీకాలు వేసి, నాలుగు మాటలు చెప్పి వెళ్దామని వచ్చాం. గంట పని అనుకున్నాం.

డ్రైవరు గోవిందు తుని వైపు మనిషి. తుని దాటాక హైవే పక్కన యాక్సిల్ విరిగి ఆగిపోయాడట. మెకానిక్కు ఆ రోజు దొరకలేదట.

"మరి నీళ్ళు పెట్టావా?" అన్నారు డాక్టరు గారు.

"దింపితే మళ్ళీ ఎక్కవండి. ఒక్కణ్ణీ ఏం చెయ్యనండి? ఎండ తగలకుండా పైన టార్పాలిన్ కట్టానండి."

"సంతలో ఏం పెట్టారు వీటికి?"

"తవుడండి. ఉప్పేసిన తవుడు. అమ్మేవోళ్ళు అదే పెడతారండి. నీళ్ళు తాగి పొట్టలు నిండుగా అగుపడతాయని."

డాక్టరు గారు ఒక పెయ్య కనురెప్ప లాగి చూశారు. మెడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలారు. చర్మం వెనక్కి పోలేదు, మడత మడతలాగే నిలబడింది. పక్క పెయ్య వ్యాను ఇనప చువ్వని నాకుతూ ఉంది. ఆ చువ్వ ఎండకి కాలిపోతోంది. అయినా నాకుతోంది.

"నేను చెప్పేదాకా ఎవరూ నీళ్ళు పెట్టకండి" అన్నారావిడ.

అన్నది ఎవరితో? ఊళ్ళో బావి నీళ్ళు ఉప్పగా ఉండి, ట్యాంకరు వస్తేగాని గొంతు తడవని ఆడవాళ్ళతో. దాహం అంటే ఏంటో వాళ్ళకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. ఐదుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

పట్టుకునే పని

కొత్తగా పశువుల ఆసుపత్రిలో అటెండర్లుగా చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా పేరు వీర్రాజు. నేనూ ఆ ఒడ్డునే రెండు పేటల అవతల వలల మధ్య పుట్టినవాణ్ణే. సముద్రం నాకు పడలేదు, వాంతులు. అందుకని పశువుల ఆసుపత్రిలో పేడ ఎత్తే పనికి కుదిరాను. ఈ అక్షరాలు నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక, రాత్రి బడిలో వచ్చాయి. అంతకుముందు మందు సీసాల్ని రంగుని బట్టి గుర్తుపట్టేవాణ్ణి. కంపెనీవాళ్ళు మూత రంగు మార్చిన రోజున ఇలా కుదరదని బడికెళ్ళాను. ఆలస్యంగా నేర్చుకున్నవాణ్ణి కాబట్టి తిప్పి తిప్పి రాయటం నాకు చేతకాదు.

అటెండరు పని అంటే పట్టుకోవటం. పశువు ముక్కుతాడు పట్టుకోవటం, తోక పట్టుకోవటం, సెలైను సీసా ఎత్తి పట్టుకోవటం. ఒక్కోసారి పశువు గలవాళ్ళని పట్టుకోవటం. మిగతాదంతా మీకు ట్రైనింగులో చెబుతారు.

నా మొదటి డాక్టరు గారు పెద్దాయన. రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన మోటారుసైకిలు వెనకాల కూచుని తిరిగాను. చెయ్యి మంచిది, నోరు మంచిది కాదు. ఆ ఊళ్ళలో గేదె ఈనగానే కొన్ని ఇళ్ళలో నీళ్ళు పెట్టేవాళ్ళు కాదు. పచ్చి ఒళ్ళు, నీళ్ళు పెడితే చలువ చేస్తుందని. ఈనటంలో అంత నీరూ పోయి, దూడకి పాలివ్వాల్సిన గేదె కుడితి తొట్టి వైపు చూస్తూ నిలబడేది. ఈయన వెళ్ళి "ఎవడు చెప్పాడయ్యా మీకు?" అని అరిచి, తనే బకెట్టు ఎత్తి పెట్టేవాడు. గేదె తాగేది. ఈయన బండెక్కేవాడు. మర్నాడు నేను మందివ్వటానికి వెళ్తే తొట్టి మళ్ళీ బోర్లించి ఉండేది.

"మళ్ళీ ఇదేంటమ్మా?" అంటే, "ఆయన ఉన్నంతసేపూ పెట్టాంగా నాయనా" అనేది ఆ ఇంటావిడ.

ఆయన చెప్పింది తప్పు కాదు. కాని ఎందుకో చెప్పలేదు. కారణం చెప్పకుండా వేసిన ఆర్డరు మోటారుసైకిలు సందు మలుపు తిరిగేదాకానే పనిచేస్తుంది. ఆయన దగ్గర పదేళ్ళ పైన చేసి నేను నేర్చుకున్నది ఇదొక్కటే అంటే ఆయనకి కోపం వస్తుంది గాని, నిజం అదే.

శ్యామల గారు అలాంటివారు కాదు. అడిగితే చెప్పేవారు. కాని ఆ శుక్రవారం ఆవిడకీ టైము లేదు.

ఉప్పు బకెట్టు

పెయ్యల్ని దింపి పాక నీడలో కట్టాం. లోవమ్మ అనే అమ్మాయి పెయ్య దిగుతూనే కూలబడిపోయింది. డాక్టరు గారు దానికి సెలైను సిద్ధం చెయ్యమని నాతో చెప్పి, "ఇంట్లో రాతి ఉప్పు ఉంటే పట్రండి" అన్నారు. ఉప్పుకేం, చేపలు ఎండబెట్టే ఇళ్ళు. గోనెసంచితో తెచ్చారు. పెయ్యకో బకెట్టు నీళ్ళు పెట్టించి, ఆవిడ ఒక్కోదాంట్లో గుప్పెడు ఉప్పు వేసి చేత్తో కలిపారు.

"ఈ నీళ్ళు చెంబుడు చెంబుడు పొయ్యండి. చెంబు తాగాక కాసేపు ఆపండి. మళ్ళీ చెంబు. మామూలు నీళ్ళు మాత్రం వద్దు" అన్నారు.

ఆ ఐదుగురిలో పెద్దావిడ చిట్టెమ్మత్త. మా పేటతో వావి కలిపి నేను అత్తా అనేవాణ్ణి. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం గాలివానలో కూడా వినపడుద్ది. ఆవిడ బకెట్టు వైపు చూసి నా దగ్గరికొచ్చింది.

"ఏరా అల్లుడూ, ఏం కలిపిందిరా ఆవిడ?"

"ఉప్పత్తా."

"దాహంతో ఉన్నదానికి ఉప్పు నీళ్ళా?"

"డాక్టరు గారు చెప్పారుగా."

"డాక్టరు గారు సముద్రం మీదకెళ్ళిందా ఎప్పుడన్నా?"

నేను సెలైను సీసా పట్టుకుని ఉన్నాను. అటునించి డాక్టరు గారు "చెప్పింది చెయ్యండమ్మా, మాటలకి టైము లేదు" అన్నారు. ఆవిడ మోకాళ్ళ మీద కూచుని, పడిపోయిన పెయ్య నరం దొరక్క వెతుకుతున్నారు. ఆవిణ్ణి తప్పుపట్టలేను. కాని ఆ మాటతో చిట్టెమ్మత్త మొహం ముడుచుకుపోయింది.

ఆవిడ గొడవేంటో నాకు తెలుసు. ఒడ్డు పొడుగూతా తెలుసు. చాలా ఏళ్ళ కిందట ఆవిడ తమ్ముడు అప్పలరాజు వేటకెళ్ళిన బోటుకి ఇంజను ఆగిపోయింది. గాలికి సముద్రం లోపలికి కొట్టుకుపోయారు. మంచినీళ్ళు అయిపోయాయి. అప్పలరాజు సముద్రం నీళ్ళు తాగాడు. ఇంకో బోటువాళ్ళు వచ్చి వీళ్ళని చూసేసరికి అతను ప్రాణంతో లేడు, మిగతావాళ్ళు ఉన్నారు. తిరిగొచ్చినవాళ్ళు ఒకటే మాట చెప్పారు. తాగొద్దంటే వినలేదు, ఆత్రం ఆపుకోలేకపోయాడు అని. ఆ మాట పేటలో నిలిచిపోయింది. పిల్లలు అన్నం కంగారుగా తింటే "అప్పలరాజులా ఏంటా ఆత్రం?" అనేవాళ్ళు. చిట్టెమ్మత్త వినేది.

అలాంటి మనిషి చేతికి మేం ఉప్పు నీళ్ళ చెంబు ఇచ్చాం.

సెలైను ఎక్కించటంలో పడి నేను వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగి చూసేసరికి ఒక బకెట్టు ఇసకలో ఒంపేసి ఉంది. చిట్టెమ్మత్త పెయ్య కట్టుగొయ్య దగ్గర లేదు. కాసేపటికి తన ఇంటి వెనక నించి ఆవిడే దాన్ని తోలుకుంటూ వచ్చింది. మొహంలో వెలుగు.

"రెండు బిందెలు తాగింది తల్లి. ట్యాంకరు నీళ్ళు. మాకు రేపటికని దాచుకున్నయ్యి" అంది. "తల ఎత్తితే ఒట్టు."

డాక్టరు గారు లేచి నిలబడ్డారు. పెయ్య పొట్ట మీద చెయ్యి వేసి నిమిరారు, అంతే. "వీర్రాజూ, బ్యాగు తీసుకురా" అన్నారు. ఆ గొంతు నాకు నచ్చలేదు.

ముందు ఆ పెయ్య బాగానే నిలబడింది. తరవాత తల వాల్చేసింది. పిలిస్తే చెవి కదలటం లేదు. పొట్ట బిగిసింది. ఆ తరవాత మూత్రం పోసింది. చిక్కగా కాచిన టీ డికాక్షన్ రంగు, ఎర్రగా. అది చూసి ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. తల వణకటం మొదలై, ముందుకాళ్ళు మడతపడి, పక్కకి పడిపోయి కాళ్ళు ఈత కొట్టినట్టు కొట్టుకుంది. డాక్టరు గారు మెదడు వాపు తగ్గే మందు ఎక్కించారు. తల నేను పట్టుకున్నాను. నా చేతుల్లో ఆ తల బరువు ఎప్పుడు మారిందో నాకు తెలిసింది. ఈ పనిలో అది మీకూ తెలుస్తుంది. ఎవరూ నేర్పక్కర్లేదు.

లోవమ్మ అన్న మాట

చిట్టెమ్మత్త పెయ్య పక్కన కూలబడింది. ఏడవలేదు. డాక్టరు గారి వైపు వేలు పెట్టి చూపించింది.

"నీ ఉప్పు చంపింది. ముందు ఒక చెంబు తాగించాను నేను, నీ మాట నమ్మి. అదే చంపింది."

మిగతావాళ్ళు తమ పెయ్యల దగ్గరున్న బకెట్ల వైపు చూశారు. ఒకావిడ మెల్లిగా కాలితో బకెట్టుని దూరంగా నెట్టింది. ఇంకొకావిడ పలుపు విప్పుతోంది, ఇంటికి తోలుకెళ్ళటానికి. ఇంటి దగ్గర బిందెలున్నాయి. అవి మంచినీళ్ళ బిందెలు. మిగిలిన నాలుగూ వాటి దగ్గరికే వెళ్తాయి. అప్పుడిక పట్టుకునేవాడు నేనొక్కణ్ణే.

అప్పుడు లోవమ్మ అంది. లోవమ్మ మావగారు ఆ రోజు అప్పలరాజు బోటులో ఉండి తిరిగొచ్చినవాడు.

"ఉప్పు కాదు పిన్నీ. ఆత్రం. తమ్ముడికి ఆగలేదు, నీకూ ఆగలేదు. కాసేపు ఆగమంటే ఏం పోయింది?"

చిట్టెమ్మత్త తల తిప్పలేదు. సముద్రం వైపే చూస్తూ ఉంది. ఆవిడ చెయ్యి మాత్రం చచ్చిన పెయ్య చెవిని మడుస్తూ విప్పుతూ ఉంది.

డాక్టరు గారు వచ్చి ఇసకలో, ఆవిడకి ఎదురుగా చతికిలపడ్డారు. తెల్ల కోటు మీద ఆ ఎర్ర మూత్రం మరకలు.

"తప్పు నాది చిట్టెమ్మ గారూ" అన్నారు. "ఎందుకో చెప్పకుండా చెంబు చేతికిచ్చాను. ఇప్పుడు చెబుతాను. విన్నాక మీ ఇష్టం. నేను ఆపను."

"చెప్పు."

"దాహం ఎక్కడ పుడుతుంది?"

"గొంతులో. ఇంకెక్కడ?"

"గొంతులో పుట్టదమ్మా. తలలో పుడుతుంది." ఆవిడ చచ్చిన పెయ్య నుదుటి మీద చెయ్యి పెట్టారు. "మెదడు అడుగున చిన్న చోటు ఉంది. వేలి కణుపంత ఉండదు. దాని పని రక్తంలో ఉప్పు ఎంతుందో చూస్తూ ఉండటం. పొద్దస్తమానం అదే పని. ఉప్పు కొంచెం పెరిగిందనుకోండి, అది రెండు పన్లు చేస్తుంది. ఒకటి, నీళ్ళు వెతుక్కోమని ఒంటిని తోస్తుంది. అదే దాహం. రెండోది, రక్తంలోకి ఒక మందు వదులుతుంది. బయట కొన్న మందు కాదు, మెదడు సొంతంగా తయారు చేసుకున్నది. హార్మోను అంటాం. అది కిడ్నీల దాకా వెళ్ళి, మూత్రంలో నీళ్ళు పోనివ్వకండి, ఉన్నవి వెనక్కి లాగండి అని చెబుతుంది. లాకులు దించేసినట్టు."

గోదావరి జిల్లాల్లో లాకులంటే తెలియనివాళ్ళెవరు? ఒకావిడ "అందుకేనా ఎండలో మూత్రం పచ్చగా వచ్చేది" అంది.

"అందుకే. ఇప్పుడు ఈ పెయ్య సంగతి చూడండి. సంతలో ఉప్పు తిన్నది. నిన్నంతా నీళ్ళు లేవు. తల ఒకటే ఆర్డరు వేస్తూ ఉంది, లాకులు ఎత్తొద్దు, లాకులు ఎత్తొద్దు అని. మెదడు కూడా తను ఎండిపోకుండా ఉప్పూ అదీ లోపల పోగేసుకుని కూచుంది. అప్పుడు రెండు బిందెల మంచినీళ్ళు వచ్చి పడ్డాయి. నీళ్ళు తాగింది కదా అని ఆ మందు రక్తంలోంచి అప్పటికప్పుడు పోదు. పైనించి వరద, కింద లాకులు మూసి ఉన్నాయి. ఏమవుద్ది?"

"గట్టు తెగుద్ది" అన్నాడు గోవిందు. అంతదాకా వ్యాను వెనకాల నిలబడి ఉన్నాడు.

"అంతే. రక్తం పలచనైపోయి అందులో ఎర్ర కణాలు పగిలాయి. మీరు చూసిన ఎరుపు అదే. మెదడు నీళ్ళు పీల్చుకుని నానబెట్టిన శనగలా ఉబ్బింది. పుర్రె ఉబ్బదు కదా. అందుకని చచ్చిపోయింది. నీళ్ళు చెడ్డవి కాదు. ఒక్కసారిగా రావటం చెడ్డది. నేను ఉప్పు వేసింది అందుకే. ఒంట్లో ఉప్పు ఎంతుందో నీళ్ళలోనూ ఇంచుమించు అంత ఉంటే మెదడు ఉబ్బదు. చెంబుడు చెంబుడు పోస్తే తలకి నెమ్మదిగా తెలుస్తుంది, ఇక ఫర్వాలేదు, లాకులు ఎత్తండి అని."

చిట్టెమ్మత్త బకెట్టు వైపు వేలు చూపించింది. "ఆ నీళ్ళు ముందు నువ్వు తాగు."

డాక్టరు గారు చెంబు ముంచుకుని తాగేశారు. తరవాత నేనూ తాగాను. చిట్టెమ్మత్త వేలు ముంచి నాలిక మీద రాసుకుంది. ఇంకోసారి రాసుకుంది.

"సముద్రం కాదు ఇది" అంది.

"కాదు. సముద్రం దీనికి నాలుగింతలు. ఇది కన్నీళ్ళంత."

"మరి సముద్రం తాగితే తలలో ఏం జరుగుద్ది?"

ఆ ప్రశ్న ఎవరి గురించో డాక్టరు గారికి తెలీదు. మాకందరికీ తెలుసు. ఆవిడ మామూలుగానే చెప్పారు.

"రక్తంలో ఉప్పు ఇంకా పెరుగుతుంది. ఆ ఉప్పుని బయటికి తొయ్యటానికి కిడ్నీలు తాగిన నీళ్ళకంటే ఎక్కువ నీళ్ళు ఖర్చు పెట్టాలి. తాగినకొద్దీ ఎండిపోతాడు. తల ఇంకా గట్టిగా అరుస్తుంది, తాగు తాగు అని."

"ఆగమంటే ఆగలేడా?"

డాక్టరు గారు ఆవిడ మొహం చూశారు. అప్పుడు అర్థమైందనుకుంటాను.

"ఎవరమ్మా?"

"నా తమ్ముడు."

గాలికి టార్పాలిన్ టపటపా కొట్టుకుంటోంది.

"ఆగటం మనిషి చేతిలో కొంతదాకానే ఉంటుందండి" అన్నారు డాక్టరు గారు. "ఆకలి మీద, నిద్ర మీద కొంచెం బలం చూపించగలం. దాహం అలా కాదు. ఎండకి ఎక్కువ చెమట పట్టిందో, వాంతులయ్యాయో, ఒకే బోటులో ఉన్నా ఒకళ్ళ రక్తంలో ఉప్పు ఇంకొకళ్ళకంటే ముందు పెరుగుతుంది. అప్పుడు వాళ్ళ తల వేసే ఆర్డరు మిగతావాళ్ళకి వినపడదు. మీ తమ్ముడికి ఏం జరిగిందో నేను చూడలేదు. చూడనిదాన్ని ఇదీ అని చెప్పను. కాని అది ఆత్రం అని మాత్రం నేను అనను. ఈ పెయ్య రెండు బిందెలు తాగింది. దీన్ని ఆత్రం అంటామా?"

చిట్టెమ్మత్త పెయ్య వైపు చూసింది. "అనం" అంది.

తరవాత లోవమ్మ వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. నేనైతే తిట్టేవాణ్ణి.

"నీ పెయ్యకి చెంబు పోసి ఎంతసేపయింది?" అంది.

లోవమ్మ తల వంచుకుంది. "చానాసేపయింది పిన్నీ."

"అయితే పొయ్యి."

ఆవిడే లేచి, నెట్టేసిన బకెట్టుని తీసుకొచ్చి మధ్యలో పెట్టింది. పలుపు విప్పుతున్నావిడ చేతిలోంచి తాడు లాక్కుని మళ్ళీ కట్టేసింది. మొదటి చెంబు లోవమ్మ పెయ్యకే పోసింది. అది పడుకున్న చోటనే చెంబులో మూతి పెట్టి ఖాళీ అయ్యాక కూడా అడుగు నాకుతూ ఉంది. ఇంకా కావాలని చిట్టెమ్మత్త చేతిని తలతో పొడిచింది. ఆవిడ చెంబు వెనక్కి దాచుకుని "ఉండవే, ఉండు, తెలుసే" అంటూ నిలబడింది. దాహంగా ఉన్నదాని ముందు నీళ్ళు దాచుకుని నిలబడటం ఎంత కష్టమో ఆవిడ భుజాలు చూస్తే తెలిసేది.

కొవ్వూరులో మాస్టారి కుక్క

ఆ మాటలు నాకు తరవాత చాలాచోట్ల పనికొచ్చాయి. ఒకటి చెప్పి మళ్ళీ ఒడ్డుకొస్తాను.

కొవ్వూరు బదిలీ అయ్యాక ఒక మాస్టారు కుక్కని తెచ్చారు. చర్చికెళ్ళే కుటుంబం, పద్ధతి గల మనిషి. కుక్క పేరు టామీ. బకెట్లకి బకెట్లు తాగేది, ఇల్లంతా తడిపేది. మాస్టారికి అది అల్లరిగా తోచింది. గిన్నె తీసేశారు. పూటకోసారి కొలిచి పెట్టారు. అది బాత్రూము తూములో నీళ్ళు నాకటం మొదలెట్టింది. "మొండిదైపోయిందండి, దీన్ని ఎలా దారిలో పెట్టాలి?" అని అడిగారు. అంతకుముందు దాన్ని ఆటో గుద్ది తలకి దెబ్బ తగిలిందని ఆయన భార్య మాటల్లో మాటగా చెప్పింది. అక్కడి డాక్టరు గారు మూత్రం పట్టి చూస్తే, పంపులో నీళ్ళకీ దానికీ తేడా లేదు.

దీనిది పెయ్యకి తిరగేసిన కథ. పెయ్య తల లాకులు ఎత్తనివ్వలేదు. కుక్క తలకి దెబ్బ తగిలి, లాకులు దించమనే మందే రావటం మానేసింది. తాగినవి తాగినట్టే పోతున్నాయి. పోయినకొద్దీ తాగాలి. గిన్నె తీసేస్తే అది మారదు, చస్తుంది. ఆ హార్మోనుని వాసోప్రెసిన్ అంటారు. పేరు మర్చిపోయినా ఫర్వాలేదు, పని మర్చిపోకండి. దానిలాంటిదే మనుషులకి వాడే చుక్కల మందు ఉంది. దాన్ని కుక్క కంట్లో వెయ్యమన్నారు. తాగటం తగ్గింది. మాస్టారు చుక్కలు వేస్తూ, "ఇన్నాళ్ళూ దీనికి క్రమశిక్షణ నేర్పుతున్నాననుకున్నానండి" అని, దాని వీపు నిమురుతూ కూచున్నారు.

ఇంకో సంగతి. పాలు చేపటానికి పొడిచే ఇంజక్షను మీకు తెలుసు. ఒంట్లో సొంతంగా పాలు చేపించే హార్మోను కూడా తలలో ఆ చోటు నించే వస్తుంది. ఒకటి పాలు వదలమంటుంది, ఒకటి నీళ్ళు వదలొద్దంటుంది. ఈనిన గేదెకి నీళ్ళు ఆపేసి, ఆ ఇంజక్షను పొడిచి పాలు పిండేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళని నేను మూర్ఖులంటాను. వాళ్ళ మొహం మీదే అన్నాను. కాని అంటే లాభం లేదు. కూచుని చెప్పాలి.

ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఏ జబ్బుకి ఏ మందో వేలితో నొక్కితే వస్తుంది. మంచిదే. ఫోను చెప్పనిది ఒకటుంది. మీరు చెంబు చేతికిచ్చే మనిషి అంతకుముందు ఏం పోగొట్టుకుని ఉన్నాడో అందులో ఉండదు. చిట్టెమ్మత్తకి చదువు లేక ఆ బకెట్టు ఒంపలేదు. ఉప్పు నీళ్ళు ఏం చేస్తాయో ఆవిడకి ఇంట్లో జరిగి తెలుసు. తెలిసిన మనిషికి కారణం చెప్పాలి. తెలియని మనిషికి ఆర్డరు వేస్తే కొన్నాళ్ళు వింటాడు. తెలిసిన మనిషి ఒక్క పూట కూడా వినడు, వినకూడదు కూడా.

డాక్టర్లకి టైము ఉండదు. పశువు నరం దొరక్క వాళ్ళు వంగి ఉంటారు. అప్పుడు నిటారుగా నిలబడి ఉండేది మనం. సెలైను సీసా ఒక చేత్తో పట్టుకున్నా నోరు ఖాళీగానే ఉంటుంది. కారణం తెలియకపోతే ముందే అడిగి తెలుసుకోండి.

సాయంత్రం

పొద్దు వాలేసరికి లోవమ్మ పెయ్య లేచి నిలబడింది. కాళ్ళు వణుకుతున్నా నిలబడింది. మిగతా మూడూ మూత్రం పోశాయి, పచ్చగా, కొంచెం కొంచెంగా. పశువు మూత్రం పోస్తే ఐదుగురు ఆడవాళ్ళు నవ్వుకోవటం నేను ఇంకెక్కడా చూడలేదు. డాక్టరు గారు వంగి రంగు చూసి "ఎరుపు లేదు" అన్నారు. వెళ్ళేటప్పుడు రేపటికి ఎంత పొయ్యాలో, ఎప్పటి నించి మంచినీళ్ళు కలపాలో చిట్టెమ్మత్తకే అప్పజెప్పారు. ఆవిడ తిరిగి చెప్పింది, ఒక్క మాట తప్పలేదు.

చచ్చిన పెయ్యని గోవిందూ నేనూ ఇసకలో లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాం. చిట్టెమ్మత్త గట్టు మీద నిలబడి చూసింది. లోవమ్మ వచ్చి పక్కన నిలబడింది. సారీ గీరీ ఏం చెప్పుకోలేదు. మా ఒడ్డున అలా చెప్పుకోరు. కాసేపటికి లోవమ్మ, "మా దానికి మొదటి దూడ పుడితే నీకే పిన్నీ" అంది.

"పుట్టనీ ముందు" అంది చిట్టెమ్మత్త.

పుట్టింది, ఇచ్చింది. ఆ దూడ పెరిగి ఈనాక, ఆ పాలతో పెట్టిన టీ నేను తాగాను. ఆ పేటలో అన్నం కంగారుగా తినే పిల్లల్ని ఇప్పుడేమంటున్నారో నాకు తెలీదు. అప్పలరాజు పేరు మాత్రం అలా అనటం మళ్ళీ నా చెవిన పడలేదు.

మొన్న ఈ కాగితాలు పట్టుకెళ్ళి చిట్టెమ్మత్తకి చదివి వినిపించాను. చూపు తగ్గింది గాని గొంతు తగ్గలేదు. అంతా విని, "ఆ రోజు ఉన్నోళ్ళ పేర్లన్నీ రాయి, ఒక్కటీ వదలకు" అంది. రాస్తున్నాను.

డాక్టరు శ్యామల గారు. తుని వైపు నించి వచ్చిన డ్రైవరు గోవిందు. చిట్టెమ్మ, లోవమ్మ, నూకరత్నం, కాసులమ్మ, మరిడమ్మ. పట్టుకోవటానికి నేను, వీర్రాజుని. బతికిన పెయ్యలు నాలుగు, వాటికి తరవాత పెట్టిన పేర్లు గంగ, లచ్చి, నల్లపిల్ల, సముద్రాలు. చచ్చిపోయినదానికి పేరు పెట్టే టైము లేకపోయింది. చిట్టెమ్మ తమ్ముడు అప్పలరాజు ఆ రోజు అక్కడ లేడు. అయినా ఆవిడ రాయమంది. రాశాను.